బడ్జెట్‌లో ఉన్న డబ్బు ఊళ్లోకి రాలేదా? కోత ఎక్కడ పడిందో ఇలా కనిపెట్టండి

ఆర్థిక మంత్రి ప్రసంగంలో కోత అన్న మాట వినపడదు. ప్రతి శాఖకూ నిరుటి కంటే ఎక్కువే ఇచ్చామంటారు. అయినా హాస్టల్‌కు సరుకులు పోసే కాంట్రాక్టరుకు నెలల తరబడి బిల్లు రాదు. పీహెచ్‌సీలో నెలకు ఇవ్వాల్సిన షుగర్ మాత్రలు పది రోజులకే ఇచ్చి పంపుతారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ పడలేదని కాలేజీ సర్టిఫికెట్లు ఆపేస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో కోత ఎక్కువగా పడేది కేటాయింపులో కాదు, విడుదలలో. అందుకే బడ్జెట్ పుస్తకం చూడటంతో పని అయిపోదు. డబ్బు ఏ మెట్టు దగ్గర ఆగిందో పట్టుకోవాలి.

ముందు ఏ అంకెతో ఏ అంకెను పోల్చాలో చూద్దాం

రెండు రాష్ట్రాల ఆర్థిక శాఖల వెబ్‌సైట్లలోనూ బడ్జెట్ పుస్తకాలు ఉంటాయి. ప్రసంగం పక్కన పెట్టి, మీకు కావలసిన శాఖ ‘డిమాండ్స్ ఫర్ గ్రాంట్స్’, అంటే పద్దులవారీ కేటాయింపుల పుస్తకం తెరవండి. ప్రతి పద్దుకూ ఎదురుగా నాలుగు అంకెలుంటాయి. 2025-26 పుస్తకమైతే వరుసగా 2023-24 వాస్తవ ఖర్చు, 2024-25 బడ్జెట్ అంచనా, 2024-25 సవరించిన అంచనా, 2025-26 బడ్జెట్ అంచనా. మాయంతా ఇక్కడే జరుగుతుంది. ఒక పథకానికి నిరుడు 100 కోట్లు అంచనా వేసి, మధ్యలో 70కి కుదించి, ఈ ఏడాది 95 పెట్టారనుకోండి. సవరించిన అంచనాతో పోలిస్తే అది దాదాపు 36 శాతం పెంపు. అసలు అంచనాతో పోలిస్తే 5 శాతం కోత. ఈ రెండూ కాదని వాస్తవ ఖర్చు గడి చూడండి. అక్కడ 60 ఉంటే, ఈసారి 95 ఖర్చవుతుందని నమ్మడానికి ఆధారమేమీ లేనట్టే.

పద్దు వెతకడానికి పేరు కంటే నంబరు నయం, ఎందుకంటే పథకాల పేర్లు ప్రభుత్వంతో పాటే మారిపోతాయి. మేజర్ హెడ్, అంటే ఖర్చు ఏ రంగానిదో చెప్పే నాలుగంకెల నంబరు, దేశమంతటా ఒకటే: 2202 సాధారణ విద్య, 2210 వైద్యం, ప్రజారోగ్యం, 2225 ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ సంక్షేమం, 2235 సామాజిక భద్రత, 3054 రోడ్లు, వంతెనల నిర్వహణ. 2 లేదా 3తో మొదలైతే రెవెన్యూ ఖర్చు, 4 లేదా 5తో మొదలైతే పెట్టుబడి ఖర్చు. 5054లో కొత్త రోడ్డుకు బోలెడు పెట్టి, 3054లో గుంతలు పూడ్చడానికి ఏమీ మిగల్చకపోవడం మామూలే. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడండి.

అంకె మారకపోయినా అది కోతే కావచ్చు. ధరలు ఏడాదికి 5 శాతం పెరుగుతుంటే, మూడేళ్లుగా 100 కోట్ల దగ్గరే ఉన్న పద్దు విలువ దాదాపు 86 కోట్లకు దిగుతుంది. లబ్ధిదారుల సంఖ్య కూడా పెరిగితే తలా వచ్చేది ఇంకా తగ్గుతుంది. కాబట్టి మొత్తాన్ని తలసరికి మార్చకుండా పోల్చకండి.

ఏడాది మధ్యలో ఏం జరుగుతోందో కాగ్ చెబుతుంది

ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ ప్రతి రాష్ట్రానికీ ‘మంత్లీ కీ ఇండికేటర్స్’ పేరుతో నెలవారీ లెక్క పెడుతుంది. ఆడిట్ కాని లెక్కే అయినా, బడ్జెట్ అంచనాలో ఆ నెల వరకు ఎంత శాతం వచ్చిందో, ఎంత ఖర్చయిందో ఒక పేజీలో కనిపిస్తుంది. డిసెంబరు చివరికి తొమ్మిది నెలలు గడిచినట్టు. ఆదాయం 75 శాతానికి చాలా దూరంలో ఉంటే, జనవరి నుంచి మార్చి వరకు బిల్లులు ఆగుతాయని ముందే అనుకోవచ్చు.

ఆ పేజీలో ముందుగా గ్రాంట్స్-ఇన్-ఎయిడ్ వరుస చూడండి. కేంద్రం నుంచి వస్తాయని రాసుకునే మొత్తం ఇదే. బడ్జెట్‌ను పెద్దగా చూపించడానికి తేలిగ్గా ఉబ్బించగల గడి కూడా ఇదే. తెలంగాణ 2023-24లో ఈ వరుసలో 41 వేల కోట్లకు పైగా రాసుకుంటే, వచ్చింది 10 వేల కోట్ల లోపే. రాని డబ్బుకు ఎదురుగా రాసిన ఖర్చు ఎక్కడో ఒకచోట తెగిపోక తప్పదు.

ఎక్కడ తెగుతుందన్నది కూడా ఊహించవచ్చు. వడ్డీల జోలికి ఎవరూ వెళ్లరు. రాజ్యాంగం 202వ అధికరణ ప్రకారం అవి చార్జ్‌డ్ ఖర్చు, వాటికి సభలో ఓటింగే ఉండదు. జీతాలు, పింఛన్లు ఆలస్యం చేయగలరు కానీ ఎగ్గొట్టలేరు. ఇక మిగిలేవి మరమ్మతులు, మందులు, సామగ్రి కొనుగోళ్లు, కాంట్రాక్టర్ల బిల్లులు, ఆరోగ్యశ్రీ, ఫీజు రీయింబర్స్‌మెంట్ లాంటి తిరిగి చెల్లించే పద్దులు, అవుట్‌సోర్సింగ్ సిబ్బంది వేతనాలు. కోత దాదాపు ఎప్పుడూ వీటి మీదే పడుతుంది. తిరిగి చెల్లించే పద్దుల్లో ఇంకో చిక్కుంది: సేవ ముందే అందిపోయింది కాబట్టి ప్రభుత్వం చేతిలో అది వడ్డీ లేని అప్పు. ఆసుపత్రి, కాలేజీ కొంతకాలం ఓపిక పట్టి, ఆ భారాన్ని చివరికి రోగి మీదో విద్యార్థి మీదో నెడతాయి.

డబ్బు ఆగే మూడు మెట్లు

అసెంబ్లీ ద్రవ్య వినిమయ బిల్లు ఆమోదించాక కూడా ఏ శాఖా నేరుగా డబ్బు తీసుకోలేదు. ఆర్థిక శాఖ బడ్జెట్ రిలీజ్ ఆర్డర్, అంటే బీఆర్‌ఓ ఇవ్వాలి. తర్వాత శాఖాధిపతి జిల్లాలకు పంచాలి. డీడీఓ, అంటే ఆ కార్యాలయం తరఫున డబ్బు డ్రా చేసే అధికారి, బిల్లు పెట్టాలి, ట్రెజరీ పాస్ చేయాలి, ఆపైన ఖాతాలో పడాలి. ‘నిధుల్లేవు’ అని మీకు చెప్పే ఆఫీసరు వీటిలో ఏ మెట్టు గురించి చెబుతున్నాడో అడగకపోతే ఆ మాటకు అర్థం లేదు.

మొదటిది, బీఆర్‌ఓ రాకపోవడం. డీడీఓ దగ్గర బడ్జెట్ సున్నా ఉంటుంది, బిల్లు పెట్టడానికే వీలుండదు. ఇది నిఖార్సైన కోత, నిర్ణయం ఆర్థిక శాఖది. కింది ఆఫీసు చుట్టూ ఎంత తిరిగినా లాభం లేదు.

రెండోది, ట్రెజరీ దగ్గర ఆగడం. బిల్లు పాసై టోకెన్ నంబరు వస్తుంది కానీ డబ్బు పడదు. మీకు రావలసిన బిల్లయితే టోకెన్ నంబరు, తేదీ, మొత్తం రాయించుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో సీఎఫ్‌ఎంఎస్‌లో, తెలంగాణలో ఐఎఫ్‌ఎంఐఎస్‌లో (రెండూ ప్రభుత్వ చెల్లింపుల పోర్టళ్లు) ఆ నంబరుతో స్థితి తెలుస్తుంది. మార్చి 31 దాటితే చెల్లించని బిల్లుల బడ్జెట్ మురిగిపోతుంది. కొత్త ఏడాదిలో మళ్లీ బిల్లు పెట్టాలి, కొత్త బడ్జెట్‌లోంచే ఇవ్వాలి. పాత బకాయి కొత్త ఏడాది కేటాయింపును తినేసే తీరు ఇదే. ఏప్రిల్ మొదటి వారంలోనే డీడీఓను కలిసి, బిల్లు తిరిగి పెట్టారా లేదా కనుక్కోండి. చాలామంది ఇక్కడే నష్టపోతారు, పాత టోకెన్ పట్టుకుని జూన్ దాకా ఎదురుచూస్తూ.

మూడోది, డబ్బు వచ్చి శాఖలోనే ఉండిపోవడం. పీడీ ఖాతాలోనో (ట్రెజరీలో శాఖ పేరున ఉండే డిపాజిట్ ఖాతా), పథకం డబ్బు చూసే నోడల్ ఏజెన్సీ ఖాతాలోనో పడి ఉంటుంది, లేదా పాత విడతకు వినియోగ ధ్రువపత్రం పంపలేదని కొత్త విడత ఆగుతుంది. ఇది కోత కాదు, నిర్లక్ష్యం. కలెక్టరు స్థాయిలో కదిలేది కూడా ఇదొక్కటే.

కేంద్రం వాటా ఉన్న పథకాల్లో ఇంకో ముడి ఉంటుంది. సమగ్ర శిక్ష, జాతీయ ఆరోగ్య మిషన్‌లలో రెండు రాష్ట్రాలకూ 60:40 లెక్క. రాష్ట్రం తన 40 వేయకపోతే కేంద్రం తర్వాతి విడత ఆపుతుంది. అంటే రాష్ట్రం 40 రూపాయలు మిగుల్చుకుంటే జనానికి పోయేది 100. పంచాయతీలకిచ్చే ఆర్థిక సంఘం నిధుల షరతు వేరు: ఎన్నికైన పాలకవర్గం ఉండాలి. తెలంగాణలో సర్పంచుల పదవీకాలం 2024 ఫిబ్రవరికి ముగిసి, ఎన్నికలు 2025 డిసెంబరులో గానీ జరగలేదు. ఆ మధ్యకాలంలో గ్రామాలకు ఆ గ్రాంట్లు నిలిచిపోయాయి. మీ పంచాయతీకి ఏ ఏడాది ఎంత వచ్చింది, దేనికి ఖర్చు చేశారన్నది ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్‌లో చూడొచ్చు.

మీ స్కూలుకు, హాస్టల్‌కు మీరే లెక్క కట్టండి

రేటు తెలిసిన పథకాల్లో కోత బయటపడటం చాలా తేలిక. రేటును తలల సంఖ్యతో గుణించి, వచ్చినదాన్ని అందులోంచి తీసేయాలి. తెలంగాణ ప్రభుత్వం 2024లో హాస్టళ్ల డైట్ చార్జీలు, అంటే భోజన ఖర్చు పెంచాక, 8 నుంచి 10వ తరగతి వరకు నెలకు తలా 1,540 రూపాయలు, అంటే రోజుకు 51 రూపాయల చిల్లర. ఆ తరగతుల్లో వందమంది ఉన్న హాస్టల్‌కు పది నెలలకు 15 లక్షల 40 వేలు రావాలి. 9 లక్షలే వచ్చి మెనూ మాత్రం మారలేదంటే, మిగతా 6 లక్షల 40 వేలు కిరాణా కొట్టు అప్పుగానో వార్డెన్ చేబదులుగానో ఉన్నట్టు. గుడ్డు, అరటిపండు మాయమయ్యేది ఆ అప్పు ఇక పుట్టనప్పుడు.

స్కూళ్లకు సమగ్ర శిక్ష కింద వచ్చే కాంపోజిట్ గ్రాంట్‌కూ పట్టిక ఉంది: 30 మంది పిల్లల వరకు 10 వేలు, 31 నుంచి 100 వరకు 25 వేలు, 250 వరకు 50 వేలు, వెయ్యి వరకు 75 వేలు, ఆపైన లక్ష. సుద్దముక్కలు, కరెంటు బిల్లు, చిన్న మరమ్మతులు అన్నీ ఇందులోనే. హెడ్మాస్టరును రెండే అడగండి: ఈ ఏడాది ఎన్ని విడతలు వచ్చాయి, వచ్చిందాంట్లో గడువు దాటి వెనక్కి పోయింది ఎంత? మార్చి ఆఖరి వారంలో విడుదలైన గ్రాంటు కాగితం మీద విడుదలైనట్టే, స్కూలు లెక్కలో రానట్టే.

ఆర్టీఐ దరఖాస్తులో ఏం రాయాలి

‘నిధులు ఎందుకు ఇవ్వలేదు’ అని రాస్తే ‘అది సమాచారం కాదు’ అని తిప్పి పంపుతారు. కారణం అడక్కండి, కాగితం అడగండి. ఫలానా మేజర్ హెడ్, ఫలానా పథకం కింద, ఫలానా ఆర్థిక సంవత్సరంలో మీ కార్యాలయానికి వచ్చిన బీఆర్‌ఓల నకళ్లు, ట్రెజరీకి పెట్టిన బిల్లుల తేదీ, మొత్తం, టోకెన్ నంబర్లు, చెల్లింపు తేదీలు, మార్చి 31 నాటికి పెండింగ్‌లో ఉన్న బిల్లుల జాబితా, పంపిన వినియోగ ధ్రువపత్రాల నకళ్లు. ఒక దరఖాస్తులో ఒక పథకం, ఒక ఏడాది. మూడేళ్లది కలిపి అడిగితే ‘సమాచారం విస్తారంగా ఉంది’ అనే సాకు దొరుకుతుంది.

రెండు రాష్ట్రాల్లోనూ గ్రామ స్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అసలే లేదు. జవాబుకు గడువు 30 రోజులు. రాకపోయినా, అరకొరగా వచ్చినా 30 రోజుల్లో అదే శాఖలో మొదటి అప్పీలు, తర్వాత 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. కమిషన్ దగ్గర చాలా ఆలస్యమవుతుంది కాబట్టి, అదే దరఖాస్తును ట్రెజరీ ఆఫీసుకు కూడా వేరుగా వేయండి. ఒకచోట దాచింది ఇంకోచోట బయటపడుతుంది, రెండు జవాబులూ పొసగకపోతే మీకు ఇంకా మంచిది.

వచ్చిన సమాచారంతో ఎటు వెళ్లాలి

డబ్బు శాఖలోనే ఉండిపోయిందని తేలితే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వండి, ఖాతా నిల్వ చూపే కాగితం జతచేసి. బీఆర్‌ఓ రాలేదని, లేదా టోకెన్ పడి ఆగిందని తేలితే ఆ అర్జీ వృథా, కలెక్టరు చేతిలో లేని పని. అప్పుడు ఎమ్మెల్యేనో ఎమ్మెల్సీనో సభలో ప్రశ్న వేసేలా పట్టుకోవాలి. పద్దు నంబరు, కేటాయింపు, విడుదల, పెండింగ్ మొత్తం ఒక పేజీలో రాసిస్తే, ప్రశ్న తయారుచేసే శ్రమ వారికి తప్పుతుంది. ఎస్సీ, ఎస్టీ నిధులైతే మీకు చట్టం అండగా ఉంది: తెలంగాణలో 2017 ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ప్రకారం, ఖర్చు కాని మొత్తాన్ని మరుసటి ఏడాది కలపాలి. నిరుటి మిగులు ఈ ఏడాది కలిసిందా అన్నదొక్కటే అడగండి, చాలు.

కొత్త బడ్జెట్‌లో పెంచమని కోరదలిస్తే ఫిబ్రవరి దాకా ఆగొద్దు. శాఖలు ప్రతిపాదనలు పంపే పని శీతాకాలం మొదట్లోనే నడుస్తుంది. అక్టోబరు, నవంబరుల్లో శాఖాధిపతికి చేరిన లెక్కకు ప్రతిపాదనలో చోటు దొరకవచ్చు. బడ్జెట్ పెట్టే వారం ముందు ఇచ్చిన వినతిపత్రానికి దక్కేది మంత్రితో ఫొటోనే.