మాట లోపలి మాట – 4వ పాఠం: 'పి', 'టి' పక్కపక్కన కనిపిస్తే

పిండి పిసకడానికి ఇంగ్లిష్‌లో వాడే మాట ఏది, దాన్ని ఎలా రాస్తారు అని పోయిన పాఠంలో అడిగాను. ముందుగా దానికి జవాబు: 'నీడ్'. పలకడానికి 'అవసరం' అనే అర్థమున్న మాటలాగే ఉంటుంది గానీ రాసేటప్పుడు కె, ఎన్, ఇ, ఎ, డి. ఆ కె ఒకప్పుడు పలికినదే. నోరు వదిలేసింది, కాగితం వదల్లేదు.

ఈ పాఠంలో పలకని పి గురించి. నాకు ఈ జంట అక్షరాల మీద ఆసక్తి పుట్టింది కంటి డాక్టరు రాసిచ్చిన చీటీతో. మా నాయనకు కంట్లో కండ పెరిగింది. జీవితమంతా ఎండలో, దుమ్ములో పొలం పని చేసినవాళ్లలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. చీటీలో ఉన్న మాటను నేను 'ప్టెరీజియం' అని చదివాను. కౌంటర్ దగ్గరున్న అమ్మాయి 'టెరీజియమా అండీ' అని సరిచేసింది. ఇంటికొచ్చాక నాయన కన్ను దగ్గరగా చూశాను. ముక్కు వైపు మూల నుంచి నల్లగుడ్డు మీదికి పలచటి కండ పాకింది. మొదట్లో వెడల్పు, చివర సన్నం, మధ్యలో ఎర్రటి నరాలు. ముడుచుకున్న పురుగు రెక్కలా ఉంది. ఆ మాటకు గ్రీకులో అర్థం కూడా అదే: చిన్న రెక్క.

కాబట్టి ఈసారి నేర్చుకోవలసిన ముక్క పి, టి, ఇ, ఆర్. గ్రీకులో 'ప్టెరాన్' అంటే రెక్క. ఈ ఒక్క ముక్క పట్టుబడితే, చూడగానే టెన్షన్ పెట్టే మాటలు చాలావరకు విడిపోతాయి.

పలకడానికి సూత్రం చిన్నదే. మాట మొదట్లో వస్తే పి పలకదు: టెరీజియం, టెరడాక్టిల్ (డైనోసార్ల కాలంలో ఎగిరిన ప్రాణి). మధ్యలో వస్తే పలుకుతుంది: హెలికాప్టర్. ఇందులో వింతేం లేదు. మనకు సప్తమి, గుప్తం, లిప్త అనడం ఎంత తేలికో చూడండి. కానీ 'ప్త'తో మొదలయ్యే మాట ఒక్కటి చెప్పమంటే తడుముకుంటాం. గ్రీకువాళ్లు మాట మొదట్లో వచ్చినా రెండూ పలికేవారు. ఇంగ్లిష్ నోటికి అది పట్టలేదు.

హెలికాప్టర్‌ను చాలామంది 'హెలి', 'కాప్టర్' అని విడగొడతారు. హెలిప్యాడ్, క్వాడ్‌కాప్టర్ అనే మాటలు అలా పుట్టినవే. అసలు విరుపు అక్కడ కాదు. 'హెలికో' అంటే మెలి తిరిగినది, 'ప్టెర్' అంటే రెక్క. మెలి తిరిగే రెక్క! ఫ్రెంచివాడు పాంటన్ దామెకూర్ 1861లో ఈ మాటను కట్టాడు. అదే ఏడాది జర్మనీ సున్నపురాతిలో దొరికిన ఈకల శిలాజానికి 'ఆర్కియోప్టెరిక్స్' అని పేరు పెట్టారు. 'ఆర్కియో' అంటే ప్రాచీనం. పురావస్తు శాస్త్రాన్ని ఆర్కియాలజీ అంటాం కదా, ఆ ముక్కే.

ఇక పురుగుల దగ్గరికి వద్దాం. ఈ ముక్కకు అసలు ఇల్లు అదే.

చిన్నప్పుడు జీరంగిని అగ్గిపెట్టెలో పెట్టి తుమ్మాకు వేసి పెంచారా? పైన ఆకుపచ్చగా మెరిసే గట్టి డిప్పలు రెండుంటాయి. అవే రెక్కలనుకుంటాం. ఎగరబోయే ముందు డిప్పలు లేస్తాయి, కింద మడత పెట్టి దాచుకున్న పలచటి రెక్కలు అప్పుడు బయటికి వస్తాయి. గ్రీకులో 'కోలియోస్' అంటే ఒర. కత్తికి ఒర ఉన్నట్టు రెక్కకు ఒర ఉన్నది కాబట్టి ఈ జాతి పేరు 'కోలియాప్టెరా'. అరిస్టాటిల్ కాలం నుంచి ఉన్న పేరిది. జీరంగిని ఒకసారి చూసినవాళ్లు ఈ మాటను బట్టీ పట్టాల్సిన పనిలేదు.

సీతాకోకచిలుకను పట్టుకుంటే వేళ్లకు పొడి అంటుతుంది. అది పొడి కాదు, పొలుసులు. 'లెపిడో' అంటే పొలుసు, అందుకే 'లెపిడాప్టెరా'. ఈగలు, దోమలు 'డిప్టెరా'. 'డి' అంటే రెండు, మన 'ద్వి'కి చుట్టమే. మిగతా కీటకాలకు సాధారణంగా నాలుగు రెక్కలుంటే వీటికి రెండే. వెనక జత చిన్న బుడిపెల్లా మారి, ఎగిరేటప్పుడు తూలకుండా కాస్తుంది. న్యూజిలాండ్ కివి పక్షి శాస్త్రీయ నామం 'ఆప్టెరిక్స్'. ముందున్న 'అ' మన అన్యాయంలో, అశాంతిలో ఉన్న 'అ' లాంటిదే: రెక్కలు లేనిది. నిజానికి చిట్టి రెక్కలున్నాయి గానీ ఈకల్లో మునిగిపోయి కనిపించవు.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన భాగం. సంస్కృతంలో 'పత్' అనే ధాతువుకు ఎగరడం, పడడం అని రెండు అర్థాలు. పతత్రం అంటే రెక్క, పతత్రి అంటే పక్షి. పత్రం అంటే ఆకే కాదు, రెక్క కూడా. తెలంగాణలో సంక్రాంతికి ఎగరేసే పతంగి ఈ ఇంటిదే. గ్రీకు ప్టెరాన్, ఇంగ్లిష్ ఫెదర్, మన పతత్రం ఒకే మూలం నుంచి వచ్చినవని భాషాశాస్త్రం చెబుతుంది. అంటే ఈ పి, టి మనకు కొత్తవి కావు.

పడడం అనే అర్థం కూడా గ్రీకులో అలాగే నిలిచింది. పైరెప్ప వాలిపోయే జబ్బు 'టోసిస్'. రాసేటప్పుడు పి, టితోనే మొదలవుతుంది. మనం 'సింటమ్స్' అని తేల్చేసే మాటలో పి దాక్కుని ఉంది: సింప్టమ్. 'సిం' అంటే కలిసి, మిగతాది పడడం. జబ్బు వచ్చి పడింది అనే మన మాటకు దగ్గరగా లేదూ! లెక్కల్లో గీతకు దగ్గరవుతూనే కలవకుండా సాగిపోయే వక్రరేఖ ఉంటుంది. ఆ గీతను 'అసింప్టోట్' అంటారు: కలిసి పడనిది. మన 'పతనం' పక్కన ఈ మూడూ రాసుకోండి.

జాగ్రత్త పడాల్సినవి కొన్ని ఉన్నాయి. పి, టి కనిపించిన ప్రతిచోటా రెక్క ఉండదు. చాప్టర్, కెప్టెన్ లాటిన్‌లో 'తల' అనే మాట నుంచి వచ్చాయి. బడిలో లాలాజలం పాఠంలో చదివిన 'టయలిన్' పి, టితోనే మొదలవుతుంది గానీ దాని మూలం ఉమ్మి. అన్నిటికన్నా విచిత్రం 'టార్మిగన్'. చలికాలంలో తెల్లబడే పక్షి అది. స్కాట్లాండ్ గేలిక్ భాషలో దాని పేరుకు పి లేనే లేదు. 1684లో రాబర్ట్ సిబ్బాల్డ్ అనే పండితుడు గ్రీకు రెక్క ఇందులో ఉందనుకుని పి తగిలించాడు. పలకని ఆ పిని ఇప్పటికీ పిల్లలు స్పెల్లింగ్ పోటీల్లో నేర్చుకుంటున్నారు.

నోటుబుక్కులో పేజీని నిలువుగా మూడు భాగాలు చేయండి. మొదటి దాంట్లో మాట, రెండో దాంట్లో ముక్కలు, మూడో దాంట్లో మీరు కళ్లారా చూసిన వస్తువు. మూడోది ఖాళీగా వదలొద్దు. మాట గుర్తుండేది దానివల్లే.

ఈ వారం మీకు రెండు మాటలు. 'ఐసాప్టెరా': 'ఐసో' అంటే సమానం, ఐసోసెలిస్ త్రిభుజం గుర్తు తెచ్చుకోండి. తొలకరి వానకు దీపం చుట్టూ మూగి, తెల్లారేసరికి గడప దగ్గర రెక్కలు రాల్చిపోయేది ఇందులో ఉంది. 'కైరాప్టెరా': 'కైరో' అంటే చేయి. ఇది పురుగు కాదు, పిల్లలకు పాలిచ్చే జంతువు.

జవాబులు 5వ పాఠంలో. అందులో ఎమ్, ఎన్ జంట: జ్ఞాపకానికి సంబంధించిన 'నెమానిక్' అనే మాట ముందు ఎమ్ ఎందుకుందో, దానికీ మన 'మనస్సు'కూ చుట్టరికం ఏమిటో చూద్దాం.