గన్‌ప్లా కిట్ కట్టడం, కట్టాక రివ్యూ రాయడం

గన్‌ప్లా అంటే గన్‌డమ్ అనే జపాన్ యానిమే కథల్లోని రోబోల ప్లాస్టిక్ మోడల్ కిట్లు, పార్టులు కోసి మనమే కట్టుకోవాలి. మొదటిసారి కొనేవాళ్లు పెట్టె మీద బొమ్మ చూసి పెద్ద కిట్టుకి పోకండి. వీటిని తయారుచేసే బందాయ్ వాళ్ల కిట్లలో హై గ్రేడ్ అనే రకంతో మొదలుపెట్టండి, 1/144 సైజు (కథలోని రోబోలో 144వ వంతు), కట్టాక మామూలుగా దాదాపు 13 సెంటీమీటర్ల ఎత్తుంటుంది. 2020లో వచ్చిన ఎంట్రీ గ్రేడ్ ఆర్ఎక్స్-78-2 (మొట్టమొదటి గన్‌డమ్ రోబో) ఇంకా సులువు, పార్టులు కోయక్కర్లేకుండా ఫ్రేమ్ నుంచి చేత్తోనే ఊడొస్తాయి. రియల్ గ్రేడ్ కూడా 1/144 సైజే కానీ పార్టులు మరీ చిన్నవి, చేయి తిరిగాక ముట్టుకోండి.

ఈ కిట్లకి జిగురు అక్కర్లేదు, రంగు కూడా చాలావరకు ప్లాస్టిక్‌లోనే ఉంటుంది, కాబట్టి నీటుగా రావడమంతా మీరు కోసే తీరు మీదే ఉంటుంది. మంచి నిప్పర్ (పార్టులు కోసే చిన్న కటింగ్ ప్లయర్) మీద డబ్బు పెట్టండి, మిగతా సామాను తర్వాత కొనుక్కోవచ్చు. రన్నర్ (పార్టులు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ ఫ్రేమ్) నుంచి పార్టుని అంచుకి ఆనించి ఒకేసారి కోసేస్తే ఒత్తిడికి ప్లాస్టిక్ తెల్లబడుతుంది, ముదురు నీలం, నలుపు పార్టుల మీద ఆ మచ్చ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అందుకే ముందు కాస్త దూరంగా కోసి పార్టుని బయటికి తీయండి, తర్వాత మిగిలిన ముక్కని కొంచెం వదిలి కోయండి, ఆ చివరి నలుసుని 400, 800, 1000 నంబర్ల ఉప్పు కాగితంతో వరుసగా రుద్దండి.

పార్టుల మీద చెక్కినట్టుండే గీతల్లో నల్ల ఇంకు నింపితే రోబోకి కళ వస్తుంది. సన్న మొన మార్కర్ చాలు. ఎనామెల్ రంగు వాడేటట్టయితే మాత్రం బిగించిన పార్టుల మీద పోయకండి, థిన్నర్ సందుల్లోకి దిగి ప్లాస్టిక్‌ని పగలగొడుతుంది. చివర్లో మెరుపు తగ్గించడానికి స్ప్రేతో కొట్టే మ్యాట్ టాప్‌కోట్‌కి తేమే శత్రువు, విశాఖ, కాకినాడ వైపు వానాకాలంలో కొడితే తెల్లటి పొర పట్టే ప్రమాదం ఉంది, ఎండ కాసే పొడి రోజు చూసుకోండి.

ఇక రివ్యూ. రన్నర్ల ఫొటోలు నాలుగు పెట్టి సూపర్ కిట్ అని రాస్తే కొనాలా వద్దా అని చూస్తున్న మనిషికి ఏం తెలుస్తుంది? రంగు వేయకముందు, పెట్టెలో వచ్చింది వచ్చినట్టు కట్టి ఫొటోలు తీయండి. కడుతున్నప్పుడే పక్కన కాగితం మీద రాసుకోండి: కోసిన గుర్తులు బయటికి కనిపించే చోట పడ్డాయా, చేతుల మీద, కాళ్ల మీద అతుకు గీత ఉందా, ఏ రంగులు స్టిక్కర్లతో సరిపెట్టారు, మోచెయ్యి ఎంతవరకు మడుస్తుంది, బరువైన తుపాకీ పట్టుకుని నిలబడగలదా, పోజు మారుస్తుంటే నడుము దగ్గర పార్టులు ఊడిపోతున్నాయా. కొన్నాళ్లు అటూ ఇటూ తిప్పాక కీళ్లు వదులైతే అదీ రాయండి, నాకైతే రివ్యూల్లో అన్నిటికన్నా పనికొచ్చే మాట అదే. మీరు కొన్న ధర చెప్పండి, షిప్పింగ్‌తో కలిపి. కట్టింది కాపీ కిట్ అయితే ఆ సంగతి మొదటి లైన్లోనే చెప్పేయండి, లేకపోతే దాని బిగింపు లోపాలన్నీ అసలు కిట్ ఖాతాలో పడతాయి.