వానలు దిగేలోగా చెట్టు కాండం చూసుకోండి: గాయాలు, తొలిచే పురుగుల విషయంలో జాగ్రత్తలు

బెంగళూరులో ఏప్రిల్ వస్తే సాయంత్రం పూట ఉరుములు, ఈదురుగాలులు మొదలవుతాయి. పెరటి చెట్ల కొమ్మలు ఎక్కువగా విరిగేది అప్పుడే. జూన్‌లో రుతుపవనాలు రాగానే మామిడి కాండం తొలిచే పురుగు తాలూకు పెంకు పురుగులు (రెక్కలొచ్చిన పెద్ద పురుగులు) బయటికొచ్చి, బెరడు పగుళ్లలో, గాయాల్లో గుడ్లు పెడతాయి. గాలి చేసిన గాయం ఆరకముందే పురుగు వస్తుందన్నమాట. ఈ మధ్యలో దొరికే కొద్ది వారాల్లోనే మన పని పూర్తి కావాలి. కె.ఆర్. పురం, రామమూర్తి నగర్, యలహంక వైపు మనవాళ్లు ఊరి నుంచో, కడియం నర్సరీల నుంచో తెచ్చి పెంచుకున్న బంగినపల్లి చెట్లు ఎన్నో ఉన్నాయి. వాటిలో ఒక్కటి కూడా అజాగ్రత్త వల్ల ఎండిపోకూడదని నా కోరిక.

మందు సంగతి తర్వాత, ముందు చూడటం నేర్చుకోవాలి. ఉదయం వెలుతురులో నేల మట్టం నుంచి కొమ్మలు చీలే చోటు వరకు కాండం చుట్టూ తిరిగి చూడండి. చెట్టు మొదట్లో రంపపు పొట్టు లాంటి పొడి రాలి ఉందా? రంధ్రం నుంచి జిగురో, నల్లటి రసమో కారుతోందా? ఒక్క కొమ్మ ఆకులు మాత్రమే వాడి రాలుతున్నాయా? ఈ మూడూ కలిసి కనిపిస్తే లోపల పిల్లపురుగు ఉన్నట్టే. పాలమీగడ రంగులో ఉండి, వేలంత పొడవు పెరిగే ఆ పురుగు నెలల తరబడి లోపలే ఉండి చెక్కను తొలుస్తుంది. చెట్టు పైకి పచ్చగానే కనిపిస్తుంది కాబట్టి చాలామంది ఆలస్యంగా గుర్తిస్తారు. దీని పెంకు పురుగు బూడిద రంగులో, పొడవాటి మీసాలతో రెండంగుళాల దాకా ఉంటుంది. రాత్రి దీపం దగ్గరికి వస్తే వదలకండి.

జామ, నేరేడు చెట్ల మీద కనిపించేది వేరు. బెరడు మీద పొట్టు, రెట్ట కలిసిన దారాల గూడు గీతలా పాకి ఉంటే అది బెరడు తినే గొంగళి పని. పగలు కొమ్మ పంగలో చేసుకున్న చిన్న రంధ్రంలో దాక్కుని, రాత్రిపూట ఆ గూడు చాటున బెరడు తింటుంది. ఇక మట్టి పొరలా ఉంటే చెదలు. అవి ఎక్కువగా చచ్చిన పై బెరడునే తింటాయి, గీకి పడేస్తే సరిపోతుంది. పొట్టు ఏమీ లేకుండా నిమ్మ మొదట్లో జిగురు మాత్రమే కారుతుంటే అది పురుగు కాదు, శిలీంధ్రం. అక్కడ పురుగుమందు పోసి లాభం లేదు, మొదట్లో నీరు నిలవకుండా చూడాలి. మునగ ఎండు కొమ్మలో గుండ్రటి పెద్ద రంధ్రం కనిపిస్తే దయచేసి మూయకండి. అది కంసాలి పిట్ట గూడు కావచ్చు.

పురుగు ఉందని తేలాక గూడు, పొట్టు తుడిచేసి, సన్నని గట్టి తీగను రంధ్రంలోకి మెల్లగా దూర్చి, మెలితిప్పుతూ పురుగును గుచ్చి లాగాలి. బెరడు గొంగళికి చాలాసార్లు ఇంతకుమించి అవసరం రాదు. ఆ తర్వాత రంధ్రాన్ని తడి బంకమట్టితో మూసి, వారం తర్వాత మళ్లీ చూడండి. కొత్త పొట్టు రాలితే పురుగు ఇంకా బతికే ఉంది.

ఇక్కడ ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. మామిడికి ఈ పని పడేది సరిగ్గా చెట్టు మీద కాయలున్నప్పుడే. పిల్లలు కోసుకుని తినే చెట్టు కాండంలోకి పురుగుమందు ఎక్కించవద్దు. పాత పుస్తకాల్లో రాసిన డైక్లోర్వాస్‌ను 2020 డిసెంబరు 31 నుంచి దేశంలో నిషేధించారు, ఎవరింట్లోనైనా పాత సీసా ఉన్నా తీయకండి. అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలను రంధ్రంలో పెట్టమని సలహా ఇచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తేమ తగిలితే వాటి నుంచి వెలువడే ఫాస్ఫీన్ వాయువు మనుషుల ప్రాణాలు తీస్తుంది. ఇంటి ఆవరణలో వాటి ఊసే వద్దు. తీగతో పని జరగకపోతే హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థను అడగండి. మామిడి కాండం తొలిచే పురుగు కోసమే అక్కడ సీలర్ కం హీలర్ అనే పూతను తయారుచేశారు. మీ చెట్టుకు ఎప్పుడు, ఎలా పూయాలో వారి దగ్గరే తెలుసుకోండి.

గాయాల విషయానికి వస్తే, చెట్టు గాయం మన చర్మంలా మానదు. పాడైన చెక్కను లోపలే వేరుచేసుకుని, అంచుల నుంచి కొత్త బెరడు పెంచి కప్పుకుంటుంది. మనం ఆ అంచులను చక్కగా ఉంచితే చాలు. చీలి వేలాడే బెరడును పదునైన కత్తితో పచ్చి బెరడు గట్టిగా అంటుకున్న చోటు వరకు మాత్రమే కోయండి. తొర్రలో సిమెంటు నింపడం, తారు పూయడం మానేయండి. తేమ లోపలే చిక్కుకుని కుళ్లు పెరుగుతుంది. విరిగిన పెద్ద కొమ్మను ఒకే దెబ్బకు నరికిస్తే బెరడు కాండం పొడవునా చీలుతుంది. కొమ్మ మొదలుకు అడుగు దూరంలో కింది నుంచి సగం లోపు ఒక కోత, ఇంకాస్త అవతల పై నుంచి రెండో కోత పెట్టించండి. బరువు దిగిపోయాక, కొమ్మ కాండాన్ని కలిసే ఉబ్బు తెగకుండా దాని బయట చివరి కోత పెట్టించాలి. మాలి తొందరపడతాడు, దగ్గరే నిలబడి చెప్పి చేయించుకోండి.

కోత మీద అదే రోజు బోర్డో పేస్టు పూయాలి. వంద గ్రాముల మైలుతుత్తాన్ని అర లీటరు నీటిలో, వంద గ్రాముల పొడిసున్నాన్ని మరో అర లీటరులో ప్లాస్టిక్ బకెట్లలోనే కలిపి, రెండూ ఒకేసారి మూడో బకెట్లో పోస్తూ కలియబెట్టండి. శుభ్రమైన ఇనుప కత్తిని నిమిషం ముంచితే ఎర్రటి పూత పట్టిందా? ఇంకాస్త సున్నం కలపాలి. సున్నం కలిపేటప్పుడు చిమ్మవచ్చు. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. మిగిలింది మర్నాటికి పనికిరాదు. ఇది శిలీంధ్రానికి అడ్డు, లోపలున్న పురుగును మాత్రం చంపదు.

కొబ్బరి లెక్క వేరు. దాని కాండం మీద గాయం ఎప్పటికీ పూడదు. ఎక్కడానికి గాట్లు పెట్టడం, బోర్డులకు మేకులు కొట్టడం ఎర్రముక్కు పురుగును పిలవడమే. పచ్చి మట్టను కోయక తప్పకపోతే కాండం నుంచి నాలుగు అడుగులు వదిలి కోయించండి.

కాండం మొదట్లో చెక్క పలకల్లాంటి గట్టి పుట్టగొడుగులు మొలిచినా, సుత్తితో తడితే డొల్ల శబ్దం వచ్చినా ఇంటి వైద్యం ఆపేయండి. అలాంటి చెట్టు ఈదురుగాలికి కూలవచ్చు. దాని కింద కారు పెట్టకండి, పిల్లలను ఆడనివ్వకండి. చెట్టు మీ ఆవరణలోనే ఉన్నా, కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం, 1976 ప్రకారం చాలా రకాల చెట్లను కొట్టించే ముందు ట్రీ ఆఫీసర్ అనుమతి తీసుకోవాలి. కొమ్మలు కరెంటు తీగలకు తగులుతుంటే బెస్కాం వాళ్లు సరఫరా ఆపేదాకా ఎవరినీ చెట్టు ఎక్కించకండి.