మీసం మొలిచే వయసు కొడుకుతో మాట్లాడటం ఎలా?

ఆడపిల్ల పెద్దమనిషి అయితే మేనమామ చీర తెస్తాడు, చిమ్మిలి దంచుతారు, ఇరుగుపొరుగు వచ్చి కూర్చుంటారు. మగపిల్లాడికి అవేవీ ఉండవు. గొంతు మారితే "ఏంరా, గాడిద గొంతు వచ్చిందే" అని నవ్వి వదిలేస్తాం. ఇక వాడికి దిక్కు ఫోను, తోటి పిల్లలు, బస్టాండు గోడల మీది ప్రకటనలు.

అబ్బాయిల్లో మార్పులు మామూలుగా 9 నుంచి 14 ఏళ్ల మధ్య మొదలవుతాయి. మీసానికి చాలా ముందే వృషణాలు పెరుగుతాయి. కాబట్టి పదేళ్లప్పుడే చిన్న చిన్న మాటలతో మొదలుపెట్టండి.

ఎదురుగా కూర్చోబెట్టి పాఠం చెప్పొద్దు. వాడు నేల చూస్తాడు, మీరు గోడ చూస్తారు. బండి వెనక ఎక్కించుకుని చంద్రగిరి కోట దాకా వెళ్లిరండి. ముఖాలు కనబడవు, ఇద్దరికీ టెన్షన్ తగ్గుతుంది. (అలిపిరి మెట్ల దారి మాత్రం వద్దు, గోవింద నామాల మధ్య ఈ మాటలు పెగలవు.) నాన్నే చెప్పాలని లేదు. అమ్మైనా, మామైనా సరే.

మీ సంగతితోనే ఎత్తుకోండి: "నాయనా, నీ వయసులో ఒకరోజు లేచేసరికి నిక్కరు తడిసింది. జబ్బేమోనని వారం రోజులు భయపడినా." నిద్రలో వీర్యం పోవడం సహజమని, హస్తప్రయోగంతో రక్తం తగ్గదని, ఎముకలు అరగవని చెప్పండి. ఈ వయసులో చాలామందికి రొమ్ము కాస్త ఉబ్బుతుంది, ఎక్కువగా ఒకట్రెండేళ్లలో అదే తగ్గుతుంది. ఎగతాళికి భయపడి చొక్కా విప్పని పిల్లలకు ఈ ఒక్క మాట చాలు.

ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి. వృషణంలో ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పి వస్తే దాచకూడదు. అది మెలిపడితే రక్తప్రసరణ ఆగిపోతుంది. ఆరు గంటలు దాటేకొద్దీ దాన్ని కాపాడటం కష్టం. అర్ధరాత్రయినా తిరుపతి రుయా లాంటి పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి పరుగెత్తాల్సిందే. సిగ్గుతో తెల్లారేదాకా ఆగితే వృషణమే పోవచ్చు.

దారిలో 'మగతనం' మందుల ప్రకటన కనిపిస్తే బండి ఆపి చూపించండి. ఇలాంటి ప్రకటనలను 1954 నాటి చట్టమే నిషేధించింది. వాళ్లు అమ్మేది భయం. ఫోనులో చూసే వీడియోలు కూడా నటనేనని చెప్పండి. ఫోను లాక్కుని కొడితే, చూడటం మానడు, మీకు చెప్పడం మానేస్తాడు.

మగతనం సంగతి మాటలతో అయ్యేది కాదు. "మగోడివి, ఏడుస్తావా?" అనడం మానండి. తిన్న కంచం వాడినే కడగనివ్వండి, ముందు మీది మీరు కడగండి. అమ్మాయి వద్దన్నాక వెంటపడటం వేధింపేనని, 18 ఏళ్లలోపు వాళ్ల నగ్న ఫొటోలు పంపుకోవడం నేరమని తెలియాలి. వాడినే ఎవరైనా తాకరాని చోట తాకితే తప్పు వాడిది కాదు. పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే 2012 నాటి పోక్సో చట్టం మగపిల్లలకూ వర్తిస్తుంది, పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయొచ్చు.

మొదటిసారి వాడు "ఊఁ" అని ఊరుకుంటాడు. పదిరోజుల తర్వాత ఏ టిఫిన్ దగ్గరో అడ్డంగా ఓ ప్రశ్న వేస్తాడు. జవాబు తెలియకపోతే "డాక్టర్ని అడిగి చెప్తాన్రా" అనండి, నిజంగానే అడిగి చెప్పండి.