మేడ మీది పాత డిష్‌కి మళ్లీ పని

రీచార్జి మానేశాక మా ఖమ్మం ఇంటి మేడ మీద డీటీహెచ్ డిష్ రెండేళ్లు ఊరికే పడి ఉంది. అమ్మకి దూరదర్శన్ యాదగిరి చానల్ చాలు కదా అని, ఆ డిష్‌నే నెలనెలా డబ్బు కట్టక్కర్లేని దూరదర్శన్ సర్వీసు డీడీ ఫ్రీ డిష్‌కి తిప్పాను. కొత్తగా కొన్నది సెట్‌టాప్ బాక్స్ ఒక్కటే.

పాత డిష్ 83 డిగ్రీల తూర్పు ఉపగ్రహం వైపు, అంటే దాదాపు దక్షిణానికి చూస్తోంది. ఫ్రీ డిష్ వచ్చేది జీశాట్-15 ఉపగ్రహం నుంచి, 93.5 డిగ్రీల దగ్గర. అందుకే ఆగ్నేయానికి తిప్పి, ఐదు డిగ్రీలు కిందికి వంచాలి. తుప్పు పట్టిన బోల్టులు కిరోసిన్ పోస్తే గానీ కదల్లేదు. బాక్సులో ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు కడ్డీ చివర ఉండి సిగ్నల్ అందుకునే భాగం) సెట్టింగ్ 9750-10600 పెట్టాను.

అయినా సిగ్నల్ సున్నా! గంటసేపు డిష్‌నే తిట్టుకుంటూ తిప్పాను. తీరా చూస్తే తప్పు కేబుల్‌ది: కనెక్టర్‌లోకి నీళ్లు దిగి రాగి తీగ పచ్చబడింది. జానెడు కోసేసి కొత్త కనెక్టర్ బిగించి, వాన పడకుండా టేప్ చుట్టాను. తర్వాత డిష్‌ని వెంట్రుకవాసి జరుపుతూ, జరిపిన ప్రతిసారీ కాసేపు ఆగి చూశాను. బాక్సుకి సిగ్నల్ పట్టుకోడానికి ఆ మాత్రం టైమ్ కావాలి. కింద నుంచి అమ్మ "వచ్చిందిరా!" అని అరిచాక బోల్టులు బిగించేశాను.