తెల్ల కారుకు మెరుపు తెచ్చే ముందు పాటించవలసిన జాగ్రత్తలు

కడప జిల్లాలో, ముఖ్యంగా సిమెంటు కర్మాగారాలున్న ఎర్రగుంట్ల వైపు తిరిగే తెల్ల కారు మసకబారితే, రంగే చెడిందని తీర్మానించే ముందు అది పేరుకున్న సిమెంటు ధూళి కాదని నిర్ధారించుకోవాలి. పొడిగుడ్డతో మాత్రం తుడవరాదు. ఆ రేణువులు ఉప్పుకాగితంలా గీతలు పెడతాయి. ధారాళంగా నీళ్లు కొట్టి, కారు షాంపూతో కడిగి, బోరు నీటి మరకలు మిగలకుండా తడి ఆరకముందే మైక్రోఫైబర్ గుడ్డతో అద్దాలి.

పాలిష్ పని నీడలోనే జరగాలి. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండలో నిలిచిన బానెట్‌పై పాలిష్ రుద్దకముందే ఎండి అంటుకుపోతుంది కనుక, చేయి ఆనిస్తే చల్లగా తగిలేవరకు ఆగాలి.

అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించవలసింది క్లియర్ కోటు గురించి, అంటే రంగుపై ఉండే పారదర్శకమైన రక్షణ పొర గురించి. సాధారణంగా 40 నుంచి 50 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉండే ఆ పొరను కాంపౌండు అనే గరుకు పాలిష్ రుద్దిన ప్రతిసారీ కొంత అరగదీస్తుంది కాబట్టి, తేలికపాటి పాలిష్‌తో మొదలుపెట్టి, ముందుగా జానెడు చోట పరీక్షించి చూడాలి. క్లియర్ కోటు లేని పాత బండ్లలో రంగే గుడ్డకు అంటుతుంది. తెల్ల పాలిష్, తెల్ల గుడ్డ వాడితే ఆ సంగతి కనిపెట్టలేము, అందుకే ముదురురంగు గుడ్డ మేలు. పొర ఇప్పటికే పొట్టులా లేస్తుంటే పాలిష్ వృథా. మళ్లీ రంగు వేయించవలసిందే.

రంగు పలుచగా ఉండే అంచులకు, నల్ల ప్లాస్టిక్ భాగాలకు మాస్కింగ్ టేపు అతికించాలి. నేలపై పడిన గుడ్డను ఉతకకుండా మళ్లీ వాడరాదు.