పాత కారు బ్రేకులు, సస్పెన్షన్: లోపం ఎక్కడుందో ఎలా పట్టుకోవాలి, డబ్బు ముందు దేనికి పెట్టాలి?

మా స్విఫ్ట్ 2012 నాటిది. రెండేళ్ల కింద నల్లగొండ నుంచి దేవరకొండ పోయే దారిలో స్పీడ్ బ్రేకర్ దిగిన ప్రతిసారీ ముందు ఎడమ వైపు టక్ టక్‌మని శబ్దం మొదలైంది. ఒక షెడ్డులో చూపిస్తే, "సార్, షాకప్‌లు రెండూ పోయినయ్, మార్చాలె" అన్నారు. పద్నాలుగు వేలు పెట్టి మార్పించాను. శబ్దం మాత్రం అట్లాగే ఉంది. తర్వాత ఇంకో మెకానిక్ బండి కిందికి దూరి, లింక్ రాడ్‌ను (మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే స్టెబిలైజర్ కడ్డీని షాకప్‌కు కలిపే చిన్న రాడ్) చేత్తో ఊపి చూపించాడు. వదులుగా ఆడుతోంది. రెండు వైపులా మార్చి, కూలీతో కలిపి రెండు వేలు కూడా తీసుకోలేదు.

అంతకన్నా పెద్ద సంగతి అదే ఎండాకాలంలో తెలిసింది. శ్రీశైలం పోతూ, దోమలపెంట దాటాక డ్యామ్ వైపు దిగే మలుపుల్లో బ్రేక్ పెడల్ మెత్తబడింది. తొక్కితే సగం దాకా దిగిపోతోంది. సెకండ్ గేరులో వేసి, ఇంజన్ పట్టు మీద దించుకుంటూ, జాగా దొరికిన చోట పక్కకు ఆపాను. వెనక సీట్లో అమ్మ, పిల్లలు ఉన్నారు. బ్రేక్ ఆయిల్ మార్చి నాలుగేళ్లయింది, అదే కారణం. నెలల తరబడి టక్ టక్ శబ్దం గురించి టెన్షన్ పడ్డాను కానీ, ఏ శబ్దమూ చేయని బ్రేక్ ఆయిల్ వైపు ఒక్కసారీ చూడలేదు.

అందుకే షెడ్డుకు పోయే ముందు మీరే ఒక గంట కేటాయించి బండిని చూసుకోండి.

ముందు బ్రేకులు

బండి చల్లగా ఉన్నప్పుడు, పొద్దున్నే మొదలుపెట్టండి. ఇంజన్ ఆపి ఉండగానే బ్రేక్‌ను నాలుగైదు సార్లు తొక్కండి, పెడల్ గట్టిపడుతుంది. అట్లాగే నొక్కిపట్టి ఇంజన్ స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం కిందికి దిగితే బూస్టర్, అంటే మన తొక్కుడుకు బలం కలిపే భాగం, పనిచేస్తున్నట్టే. దిగకుండా రాయిలా ఉంటే బూస్టర్‌నో, దాని వాక్యూమ్ పైపునో చూపించాలి. ఇప్పుడు ఇంజన్ నడుస్తుండగా ఒక నిమిషం అదే బలంతో నొక్కి ఉంచండి. పెడల్ మెల్లమెల్లగా కిందికి జారుతుంటే ఎక్కడో ఆయిల్ కారుతోంది, లేదా పెడల్ తొక్కితే ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్ లోపల వాషర్లు పోయాయి. ఇది కనిపిస్తే ఆ బండిని నడపకండి. మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి.

పెడల్ స్పాంజిలా ఉండి, రెండు మూడు సార్లు తొక్కితే గట్టిపడుతోందంటే లైన్లో గాలి చేరి ఉండవచ్చు, వెనక చక్రాల డ్రమ్ముల్లో లోపల రాచుకుని బండిని ఆపే షూలు అరిగి దూరం పెరిగి కూడా ఉండవచ్చు.

తర్వాత బోనెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ డబ్బా చూడండి. మట్టం మిన్, మ్యాక్స్ గీతల మధ్య ఉండాలి. తగ్గింది కదా అని పోసేసి ఊరుకోవద్దు. ముందు చక్రాల డిస్కును పట్టి ఆపే ప్యాడ్లు అరిగేకొద్దీ మట్టం కొద్దిగా తగ్గడం మామూలే, అంతకు మించి తగ్గితే ఎక్కడో లీకు ఉంది. నాలుగు చక్రాల లోపలి వైపు, ముఖ్యంగా వెనక డ్రమ్ముల అంచున తడి ఉందేమో వేలు పెట్టి చూడండి. అక్కడ తడి ఉంటే చాలాసార్లు షూలను నెట్టే వీల్ సిలిండర్ కారుతున్నట్టు.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. అందులో 3.7 శాతం నీరు చేరాక ప్రమాణం ప్రకారం మిగిలే హద్దు 155 డిగ్రీలే. ఘాట్‌లో దిగుతూ పదే పదే బ్రేక్ వేస్తే ఆ వేడికి పాత ఆయిల్ మరిగి లోపల ఆవిరి పుడుతుంది. మనం తొక్కే బలమంతా ఆ ఆవిరిని నొక్కడానికే పోతుంది, చక్రం దాకా చేరదు. నాకు దోమలపెంట దగ్గర జరిగింది ఇదే. కిలోమీటర్లు తిరగకపోయినా రెండేళ్లకోసారి ఆయిల్ మొత్తం మార్పించండి. ఏ రకమో డబ్బా మూత మీద రాసి ఉంటుంది. ఇంజన్ ఆయిల్ చుక్క కూడా అందులో పడకూడదు, రబ్బరు భాగాలన్నీ ఉబ్బి పాడవుతాయి.

ప్యాడ్లకు కళ్లతో చూడడమే పరీక్ష. చక్రం విప్పించి, ఇనుప పలక వదిలేసి మందు (రాచుకుని అరిగే పొర) ఎంత మిగిలిందో చూడండి. మూడు మిల్లీమీటర్ల కన్నా తగ్గితే మార్చాల్సిందే. డిస్కుకు లోపల, బయట రెండు వైపుల ప్యాడ్లనూ చూడాలి, ప్యాడ్లను నొక్కే కాలిపర్ పిన్ను పట్టేస్తే లోపలిది పూర్తిగా అరిగిపోయి బయటిది కొత్తదానిలా కనిపిస్తుంది. ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా బ్రేక్ వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగడానికి తరచూ కారణం కూడా ఈ పిన్నే. బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణుకుతుందా? అయితే డిస్కును అనుమానించండి. బ్రేక్ వేయకుండానే 80, 90 వేగంలో వణికితే అది వీల్ బ్యాలెన్సింగ్ పని. రాత్రి వాన పడ్డాక పొద్దున మొదటి రెండు బ్రేకులకు గరగరమంటే భయపడనక్కర్లేదు, అది డిస్కు మీది తుప్పు. రోజంతా ఇనుము రాచుకున్న శబ్దం వస్తే మాత్రం ప్యాడ్ అయిపోయింది.

తర్వాత సస్పెన్షన్

శబ్దాన్ని శ్రద్ధగా వినండి, ఎప్పుడు వస్తోందో ఒక కాగితం మీద రాసుకోండి. నిదానంగా పోతుంటే చిన్న గతుకుల్లో టక్ టక్‌మంటే ముందు లింక్ రాడ్లు, స్టెబిలైజర్ బుష్‌లు (కడ్డీని పట్టి ఉంచే రబ్బరు ముక్కలు) చూడమనండి. నిలబడ్డ చోట స్టీరింగ్ తిప్పితే స్ప్రింగు మెలితిరిగి వదిలినట్టు టంగ్‌మంటే షాకప్ పైన ఉండే మౌంట్. బ్రేక్ వేసిన క్షణంలో ఒక్కసారి డబ్‌మంటే చక్రాన్ని కింద నుంచి బండికి కలిపే లోయర్ ఆర్మ్ బుష్‌లు. వేగం పెరిగేకొద్దీ హూమనే రొద పెరుగుతుంటే అది సస్పెన్షన్ కాదు, వీల్ బేరింగ్ కావచ్చు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి మలుపు తీసుకుంటుంటే టకటకలాడేది ఇంజన్ బలాన్ని చక్రానికి చేర్చే యాక్సిల్ జాయింట్.

షాకప్‌ల కోసం బండి మూలను గట్టిగా కిందికి నొక్కి వదలండి. పైకి లేచి ఒక ఊపుతో నిలబడాలి. మూడు నాలుగు సార్లు ఊగితే పట్టు తప్పినట్టే. కానీ ఈ ఒక్క పరీక్షతోనే తీర్పు ఇవ్వకండి. షాకప్ గొట్టం వెంట ఆయిల్ కారి దుమ్ము అంటుకుందేమో, టైరు మీద ఎత్తుపల్లాలుగా అరుగుదల ఉందేమో కూడా చూడండి. లోపలి అంచు ఒక్కటే అరిగితే అలైన్‌మెంట్ తప్పి ఉంటుంది, దాని వెనక అరిగిన బుష్ కూడా ఉండవచ్చు.

చక్రం ఊపి చూడాలంటే జాకీ కావాలి. చదునైన గట్టి నేల మీద, హ్యాండ్ బ్రేక్ వేసి, గేరులో ఉంచి, వెనక చక్రాలకు రాళ్లు పెట్టి ముందు చక్రం లేపండి. తీసిన స్టెప్నీని బండి కింద పడుకోబెట్టండి. మీరు మాత్రం బండి కిందికి పోవద్దు. చక్రాన్ని పైన, కింద పట్టుకుని ఊపితే ఆడిందంటే బాల్ జాయింట్ (లోయర్ ఆర్మ్‌ను చక్రానికి కలిపే కీలు) లేదా బేరింగ్. ఎడమ, కుడి పట్టుకుని ఊపితే ఆడిందంటే టైరాడ్ ఎండ్ (స్టీరింగ్‌ను చక్రానికి కలిపే రాడ్ చివర). ఇవి రెండూ నిర్లక్ష్యం చేయకూడనివి. బాల్ జాయింట్ ఊడితే చక్రం అదుపు తప్పుతుంది.

డబ్బు ఏ వరసలో పెట్టాలి

కారే బ్రేక్ ఆయిల్, జారే పెడల్, అయిపోయిన ప్యాడ్లు, ఆడే బాల్ జాయింటు, టైరాడ్ ఎండ్: వీటికి అప్పు చేసైనా ఇవాళే పెట్టాలి. పాత బ్రేక్ ఆయిల్ ఈ వారంలో. షాకప్ వచ్చే నెల జీతం దాకా ఆగవచ్చు, ఈలోగా వేగం తగ్గించి నడపండి. లింక్ రాడ్ ఎంత గొంతు చించుకున్నా కొన్నాళ్లు ఆగుతుంది.

షెడ్డులో "సౌండ్ వస్తోంది, చూడన్నా" అని వదిలేయకుండా కాగితం మీద రాసింది చెప్పండి. ఏ భాగం పోయిందంటే దాన్ని ఊపి చూపించమనండి. మంచి మెకానిక్ దీనికి నొచ్చుకోడు, సంతోషంగా చూపిస్తాడు. పని మొదలుకాక ముందే భాగాల ధర, కూలీ వేరువేరుగా రాయించుకోండి. తీసిన పాత సామాను మీకే ఇవ్వమని అప్పుడే చెప్పండి. పని అయ్యాక అడిగితే చెత్తలో పోయిందంటారు.

భాగాలు మీరే కొనుక్కోవచ్చు. షోరూం డబ్బా మీద ఎంఆర్‌పీ ఉంటుంది. షాకప్‌లలో గాబ్రియేల్, బ్రేకుల్లో రాణే, టీవీఎస్ గిర్లింగ్ లాంటివి బయటి దుకాణాల్లో దొరికే నమ్మకమైన పేర్లు. డబ్బా సీలు, బిల్లు రెండూ ఉండాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆటో విడిభాగాలన్నిటికీ జీఎస్టీ 18 శాతమే, ఇంకా 28 వేస్తే అడగండి. స్క్రాప్ దుకాణంలో డోర్ అద్దం కొనండి, బంపర్ కొనండి, బ్రేక్ సామాను మాత్రం కొనకండి. ప్యాడ్లు, డిస్కులు, షాకప్‌లు ఎప్పుడూ రెండు వైపులా కలిపే మార్చాలి. డిస్కును మార్చకుండా లేత్ మీద చెక్కిస్తే చాలని మెకానిక్ అంటే, అంచు మీద కొట్టిన కనీస మందం కన్నా ఎక్కువ మిగులుతుందో లేదో కొలిపించండి. టైరాడ్ ఎండ్, లోయర్ ఆర్మ్, షాకప్ మారితే అలైన్‌మెంట్ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి. అరుగుదలకు ఇన్సూరెన్స్ రాదు.

బండికి ఇంత పెట్టాలా అనే ప్రశ్న వస్తుంది. ఆర్‌సీ గడువు చూడండి. సొంత కారుకు 15 ఏళ్లు నిండాక ఆర్టీఏలో బండిని చూపించి, ఐదేళ్ల చొప్పున రెన్యువల్ చేయించుకోవాలి. ఆ తర్వాత కూడా ఉంచుకునే ఆలోచన ఉంటే సస్పెన్షన్ మొత్తం చేయించడంలో అర్థం ఉంది. ఏడాదిలో అమ్మేసేదైతే బుష్‌లతో సరిపెట్టుకోవచ్చు. బ్రేకుల విషయంలో మాత్రం ఈ లెక్క వేయకండి, అమ్మినా ఆ బండిలో ఎవరో ఒకరు ఎక్కుతారు.

పని అయ్యాక తాళం తీసుకుని వెంటనే బయల్దేరవద్దు. కొత్త ప్యాడ్లు వేసిన బండికి మొదటి తొక్కుడులో బ్రేక్ పడదు. నిలబడి పెడల్ గట్టిపడే దాకా తొక్కండి. మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక స్పీడ్ బ్రేకర్, ఒక ఖాళీ రోడ్డు చూసి రండి, మిగతా డబ్బు ఆ తర్వాత ఇవ్వండి. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు అత్యవసరమైతే తప్ప గట్టి బ్రేకులు వేయకండి. మరుసటి పొద్దున బండి తీయకముందు నాలుగు చక్రాల కింద నేల తడిగా ఉందేమో చూడండి. వంద కిలోమీటర్లు తిరిగాక వీల్ నట్లు ఇంకోసారి బిగించుకోండి.